తీరపు ఫిరంగి స్థావరంలో కాపాడాల్సింది ఏమిటి? లోంగ్-సుర్-మేర్ కేస్ స్టడీ

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం పొడవునా రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కట్టిన ఫిరంగి స్థావరాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఇప్పుడు ఖాళీ కాంక్రీట్ గదులే. యుద్ధం అయ్యాక ఫిరంగులను కోసి పాత ఇనుము కింద అమ్మేశారు. లోంగ్-సుర్-మేర్‌లో మాత్రం ఫిరంగులు ఇంకా తమ గదుల్లోనే ఉన్నాయి. అందుకే ఫ్రాన్స్ ప్రభుత్వం 2001లో దీన్ని చారిత్రక కట్టడంగా రక్షణ జాబితాలో చేర్చింది.

పాత రీన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ (లోపల ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీట్) కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ఇలాంటి చోటికి వెళ్లినప్పుడు అందరి చూపూ ముందు ఫిరంగి మీదే పడుతుంది. బడ్జెట్ కూడా అటే పోతుంది. నేను లోంగ్‌ను కేస్‌గా తీసుకున్నది ఇందుకే: ఈ స్థావరం ఎలా పని చేసిందో, మిత్రరాజ్యాల సైన్యం ఈ తీరంలో దిగిన 1944 జూన్ 6న ఎక్కడ దెబ్బతిన్నదో గమనిస్తే, కాపాడాల్సిన అసలు వస్తువు మరొకటి ఉందని తేలుతుంది. అది నాలుగు ఫిరంగి గదులకూ, కొండ అంచు నుంచి ఓడలను చూసి కాల్పులను నడిపించే కమాండ్ పోస్ట్‌కూ మధ్య ఉన్న సంబంధం. ఆ సంబంధం పోతే మిగిలేవి ఐదు కాంక్రీట్ దిమ్మెలు.

స్థలం ఎంపిక

లోంగ్ గ్రామం పోర్-అన్-బెసాన్ రేవుకూ అరొమాంష్‌కూ మధ్య ఉంది. దక్షిణాన కొద్ది కిలోమీటర్లలో బాయూ పట్టణం. ఇక్కడ తీరం ఇసుక బీచ్ కాదు. సముద్రం నుంచి నిటారుగా దాదాపు 60 మీటర్లు లేచిన కొండచరియ, దాని పైన చదునైన పొలాలు. సైన్యం దిగడానికి పనికిరాని చోటు. కానీ దిగడానికి వీలైన తీరాలు దీనికి రెండు పక్కలా ఉన్నాయి. పడమటి వైపు తీరానికి మిత్రరాజ్యాలు తర్వాత ఒమాహా అని, తూర్పు వైపు తీరానికి గోల్డ్ అని పేరు పెట్టుకున్నాయి. స్థావరం సరిగ్గా ఆ రెండింటి మధ్య ఉంది. రెండు బీచ్‌లూ దాని ఫిరంగుల పరిధిలోకి వస్తాయి.

ఎత్తు వల్ల వచ్చే లాభాన్ని చిన్న లెక్కతో చూడొచ్చు. 60 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రం మీద క్షితిజరేఖ దాదాపు 28 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఫిరంగుల పరిధి సుమారు 20 కిలోమీటర్లు. అంటే గుండు చేరగలిగే ప్రతి చోటూ కమాండ్ పోస్ట్ కంటికి అందుతుంది, ఆపైన ఇంకొంత దూరం మిగులుతుంది. ఓడ పరిధిలోకి రాకముందే దాని దిక్కూ వేగమూ పట్టుకోవడానికి ఆ మిగులే పనికొస్తుంది. ఇక్కడ స్థావరం పెట్టిన వాళ్లు తీరాన్ని బాగా చదివారు.

నిర్మాణం 1943 సెప్టెంబర్‌లో మొదలై 1944 ఏప్రిల్ నాటికి ప్రధానమైన పని పూర్తయింది. అంతకు ముందే, 1942 మార్చిలో, హిట్లర్ పడమటి తీరమంతా పటిష్ఠం చేయాలని ఆదేశం ఇచ్చాడు. దాన్నే మనం అట్లాంటిక్ వాల్ అంటాం. కట్టించే బాధ్యత ఆర్గనైజేషన్ టోట్ అనే నిర్మాణ సంస్థది. ఆక్రమిత దేశాల నుంచి బలవంతంగా తెచ్చిన కూలీల చెమట ఆ తీరమంతటి కాంక్రీట్‌లో ఉంది. ఏ పరిరక్షణ నివేదికలోనైనా ఈ మాట మొదటి పేజీలోనే ఉండాలని నా అభిప్రాయం. గోడ మందం గురించి మాట్లాడి, ఆ గోడ పోసిన వాళ్ల గురించి మౌనంగా ఉండటం చరిత్రను సగం చెప్పడమే.

1943 చివర్లో జర్మన్ సేనాపతి రోమెల్ తీర రక్షణ తనిఖీకి వచ్చాక పని వేగం పెరిగింది. లోంగ్ కట్టిన నెలలు సరిగ్గా అవే. మొదట ఈ స్థావరం జర్మన్ నౌకాదళం క్రీగ్స్‌మరీన్ ప్రణాళిక. తర్వాత సైన్యం ఆధీనంలోకి వెళ్లింది. కానీ డిజైన్ నిండా నౌకాదళం ఆలోచనే కనిపిస్తుంది. నౌకాదళం దృష్టిలో లక్ష్యం అంటే కదిలే ఓడ. సైన్యం దృష్టిలో లక్ష్యం అంటే నేల మీద ఒక చోటు. కొండ అంచున అంత పెద్ద కమాండ్ పోస్ట్ ఎందుకు కట్టారో ఈ ఒక్క తేడా చెబుతుంది.

ఓడ నుంచి దిగిన ఫిరంగి

నాలుగు ఫిరంగులూ 15 సెంటీమీటర్ల కాలిబర్‌వి (గొట్టం లోపలి వ్యాసం). జర్మన్ డిస్ట్రాయర్ ఓడల కోసం రూపొందించిన రకం అది. లోంగ్‌లోనివి చెక్ దేశంలోని ప్లజెన్‌లో స్కోడా కర్మాగారంలో తయారయ్యాయి. గుండు బరువు 45 కిలోలు. ఇద్దరు మనుషులు మోసి, మందు పెట్టి, మూత వేసి పేల్చే స్థాయి అది.

ఓడ మీద ఉన్నప్పుడు సిబ్బందిని కాపాడటానికి ఫిరంగి చుట్టూ ఉక్కు కవచం ఉంటుంది. నేల మీదికి తెచ్చినప్పుడూ ఆ కవచాన్ని ఉంచారు. కాంక్రీట్ గదిలో ఉన్న ఫిరంగికి మళ్లీ ఉక్కు కవచం ఎందుకని చాలామంది అడుగుతారు. జవాబు ఆ గది ముందరి కిటికీలో ఉంది. ఫిరంగి అటూ ఇటూ తిరగాలంటే కిటికీ వెడల్పుగా ఉండాలి. కిటికీ వెడల్పుగా ఉంటే తునకలు లోపలికొస్తాయి. వాటిని ఆపాల్సింది ఆ కవచమే. నిర్మాణపరంగా చూస్తే ఫిరంగి కవచం గదికి నాలుగో గోడ. ఫిరంగిని మ్యూజియంకు తరలిద్దామని ఎవరైనా అంటే నేను వద్దనడానికి మొదటి కారణం ఇదే. అది తీసేస్తే గది అసంపూర్ణమవుతుంది.

కేస్‌మేట్: మందానికీ చూపుకూ మధ్య బేరం

ఫిరంగి గదిని కేస్‌మేట్ అంటారు. జర్మన్లు బంకర్లను ఒక్కోటి విడిగా డిజైన్ చేయలేదు. వందలాది ప్రామాణిక నమూనాలు తయారుచేసి, ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చారు. ప్లాను, సెంట్రింగ్, స్టీలు, తలుపులు అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. స్థలం చూసి నమూనా ఎంచుకోవడమే మిగిలిన పని. లోంగ్ కేస్‌మేట్లది ఎం272 నమూనా. ముందున్న ఎం అక్షరం నౌకాదళ నమూనాకు గుర్తు.

గోడలూ పైకప్పూ సుమారు 2 మీటర్ల మందం. ముందు ఫిరంగి గది, వెనక మందుగుండు గదులు, వెనక వైపు నుంచి ప్రవేశం. కప్పు ముందుకు చూరులా చొచ్చుకొచ్చి కాల్పుల కిటికీని పైనుంచి కాపాడుతుంది. రెండు పక్కలా మట్టి పోసి, గోడలు నేలలో కలిసినట్టు కనిపించేలా చేశారు.

ఇంత మందమైన పోతలో అసలు చిక్కు బలం కాదు, జాయింట్. ఈరోజు కొంత పోసి, రేపు దాని మీద కొంత పోస్తే రెండు పోతల మధ్య బలహీనమైన పొర మిగులుతుంది. బాంబు దెబ్బకు అక్కడే విడిపోతుంది. అందుకే బంకర్ల పోత మొదలుపెడితే పగలూ రాత్రీ ఆపకుండా పూర్తి చేయాలన్నది నియమం. ఇలాంటి గోడ ముందు నిలబడినప్పుడు నేను మొదట వెతికేది సెంట్రింగ్ చెక్కల అచ్చులు. పలక వెడల్పు, గీతల వరస, పోత ఎక్కడ తడబడిందో, కంకర ఎక్కడ బయటపడిందో అన్నీ వాటిలో చదవొచ్చు. నల్లగా పాచిపట్టిన గోడను ప్రెజర్ వాటర్‌తో కడిగి శుభ్రం చేయాలనే ఉత్సాహం చాలాచోట్ల చూశాను. ఒక్క రోజు కడుగుడుతో ఆ అచ్చులు చెరిగిపోతాయి. ఆ తర్వాత అది ఎవరు ఎప్పుడు ఎలా కట్టారో చెప్పలేని గోడ.

బంకర్ కప్పుల్లో ఇంకో జాగ్రత్త ఉంటుంది. పైన పేలుడు జరిగితే స్లాబ్ విరగకపోయినా, కింది ముఖం నుంచి పెచ్చులు ఊడి లోపలి మనుషుల మీద తూటాల్లా పడతాయి. దాన్ని ఆపడానికి సీలింగ్ అడుగున ఉక్కు దూలాలు, వాటి మధ్య ఉక్కు రేకులు వేయడం జర్మన్ నమూనాల్లో మామూలు పద్ధతి. అప్పట్లో ఆ రేకులు ప్రాణాలు కాపాడాయి. ఇప్పుడు ఇలాంటి కట్టడాల్లో మాకు తలనొప్పి తెచ్చేవి అవే. సముద్రపు గాలిలో అవి తుప్పు పట్టి ఉబ్బుతాయి, వేలాడతాయి, కింద తిరిగే సందర్శకులకు ప్రమాదం అవుతాయి.

కేస్‌మేట్ డిజైన్ ఒక బేరం. దాన్ని అర్థం చేసుకోవడానికి లోంగ్‌కు పడమట ఉన్న పాయింట్ దు హోక్ పక్కన పెట్టి చూడాలి. అక్కడ ఫిరంగులను మొదట పైకప్పు లేని గుండ్రటి గుంతల్లో పెట్టారు. ఫిరంగి 360 డిగ్రీలూ తిరగగలదు, ఏ దిక్కు నుంచి ఓడ వచ్చినా కాల్చగలదు. కానీ ఆకాశం నుంచి చూస్తే గుంత ఒక గురి చుక్క. 1944 వసంతంలో బాంబుల దాడి పెరిగాక అక్కడి ఫిరంగులను లోపలి పొలాల్లోకి తరలించేశారు. కేస్‌మేట్ల పని మధ్యలోనే ఉండిపోయింది.

లోంగ్‌లో కప్పు ఉంది, కాబట్టి బాంబుకు తట్టుకుంటుంది. కానీ అదే కప్పు, అవే పక్క గోడలు ఫిరంగి తిరిగే కోణాన్ని కోసేశాయి. గదిలోని ఫిరంగికి కనిపించేది సముద్రంలో ఒక ముక్క మాత్రమే. పైగా కేస్‌మేట్లు కొండ అంచున లేవు. అంచు నుంచి 300 మీటర్లకు పైగా లోపలికి, పొలాల్లో ఉన్నాయి. ముందున్న నేల చదును కావడంతో దగ్గరి సముద్రం కొండ అంచు వెనక దాగిపోతుంది. దూరపు నీళ్లు మాత్రమే కనిపిస్తాయి.

ఫిరంగిని కాపాడుకోవడానికి దాని చూపును త్యాగం చేశారు. ఆ చూపు మొత్తాన్ని తీసుకెళ్లి ఇంకో భవనంలో పెట్టారు.

కమాండ్ పోస్ట్

ఎం262ఏ నమూనా. కొండచరియ అంచునే ఉంటుంది. నిర్మాణపరంగా ఈ స్థావరంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన కట్టడం ఇది. నేను ఎవరికైనా లోంగ్ గురించి చెప్పాల్సి వస్తే ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

రెండు అంతస్తులు. ఎక్కువ భాగం నేలలో దిగబడి, సముద్రం వైపు మాత్రమే తెరుచుకుంటుంది. కింది అంతస్తు ముందు భాగంలో పరిశీలన గది. దాని గోడలో అర్ధవృత్తంలా సాగే సన్నని చీలిక, అక్కడి నుంచి బైనాక్యులర్లతో సముద్రాన్ని చూసేవారు. దాని వెనక మ్యాప్ గది. ఇంకా వెనక సమాచార పరికరాలు, సిబ్బంది గదులు. పై అంతస్తులో రేంజ్‌ఫైండర్ వేదిక. రేంజ్‌ఫైండర్ అంటే పొడవాటి గొట్టం రెండు చివర్లా కటకాలున్న పరికరం. రెండు చివర్ల నుంచి కనిపించే దృశ్యాల్లోని సూక్ష్మమైన తేడాతో ఓడ దూరం కొలుస్తుంది. గొట్టం ఎంత పొడవుంటే కొలత అంత నిక్కచ్చి. అది అడ్డంగా తిరగాలి, మధ్యలో ఏ గోడా అడ్డు రాకూడదు.

ఇక్కడ డిజైనర్ చేసిన పని చూడండి. పైన కాంక్రీట్ కప్పు కావాలి, కానీ గోడలు ఉండకూడదు. అందుకని కప్పును సన్నని ఉక్కు స్తంభాల మీద నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే బరువైన స్లాబ్ గాలిలో ఆగినట్టు ఉంటుంది. కింది అంతస్తులో మీటర్ల మందం, పై అంతస్తులో నాలుగు వైపులా గాలి. ఒకే భవనంలో భయం ఒక చోట, చూపు ఒక చోట. సైనిక అవసరం తప్ప ఇంకేదీ ఆలోచించని కట్టడంలో ఇంత స్పష్టమైన రూపం రావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

అక్కడ జరిగే లెక్క కూడా తెలియాలి. 20 కిలోమీటర్ల దూరానికి కాల్చిన గుండు చేరడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. 20 నాట్ల వేగంతో పోయే ఓడ సెకనుకు సుమారు 10 మీటర్లు జరుగుతుంది. అంటే గుండు గాలిలో ఉండగానే ఓడ 600 మీటర్లు ముందుకు పోతుంది. కాబట్టి ఓడ ఇప్పుడున్న చోటికి కాల్చి లాభం లేదు, నిమిషం తర్వాత ఉండబోయే చోటికి కాల్చాలి. ఓడ దిక్కు, వేగం, గాలి, మందు వేడి, ఒక్కో ఫిరంగి కమాండ్ పోస్ట్ నుంచి ఎంత దూరంలో ఏ కోణంలో ఉందో, ఇవన్నీ కలిపి ప్రతి ఫిరంగికీ విడిగా కోణం ఇవ్వాలి. 10 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే గుండు 175 మీటర్లు పక్కకు పడుతుంది. ఆ రోజు ఇక్కడ తలపడిన బ్రిటిష్ యుద్ధనౌక (క్రూయిజర్) అజాక్స్ పొడవు 169 మీటర్లు. ఒక డిగ్రీ తప్పు అంటే ఒక ఓడంత తప్పు.

ఆ కోణాలు కొండ అంచు నుంచి కేస్‌మేట్లకు నేల కింద పాతిన కేబుళ్ల ద్వారా వెళ్లాలి. మూడు వందల మీటర్ల మట్టిలో కొన్ని రాగి తీగలు. ఇంత కాంక్రీట్ సమర్థత అంతా వాటి మీదే ఆధారపడింది.

జూన్ 6న ఏం జరిగింది

దాడికి ముందు వారాల్లోనూ, జూన్ 5 రాత్రి తెల్లవారేలోపూ కలిపి సుమారు 1,500 టన్నుల బాంబులు ఈ చోటి మీద పడ్డాయి. ఆ చివరి రాత్రి బ్రిటిష్ బాంబర్ కమాండ్ తీరం మీది పది స్థావరాలను లక్ష్యంగా పెట్టుకుంది, లోంగ్ వాటిలో ఒకటి. బాంబుల్లో చాలావరకు పొలాల్లోనూ పక్క గ్రామంలోనూ పడ్డాయి. కేస్‌మేట్లు నిలిచాయి. 2 మీటర్ల కాంక్రీట్ తన పని తాను చేసింది.

కానీ పొలాన్ని గుంతలు గుంతలుగా తవ్విన ఆ బాంబులే నేలలోని కేబుళ్లను తెంపేశాయి. కమాండ్ పోస్ట్‌కు కళ్లున్నాయి, చెప్పడానికి దారి లేదు. కేస్‌మేట్లలో ఫిరంగులున్నాయి, చూడటానికి కళ్లు లేవు. ఈ స్థావరం ఓడిపోయింది అక్కడే, ఒక్క గుండు కూడా కాల్చకముందే.

ఉదయం ఐదున్నర దాటాక ఫ్రెంచ్ క్రూయిజర్ జార్జ్ లెగ్, అమెరికన్ యుద్ధనౌక ఆర్కాన్సా తీరం మీద కాల్పులు మొదలుపెట్టాయి. ఉదయం ఆరు దాటాక లోంగ్ బదులిచ్చింది. గోల్డ్ బీచ్ దాడికి ప్రధాన కార్యాలయంగా ఉన్న ‘బులోలో’ అనే ఓడ ఈ కాల్పుల వల్ల లంగరు మార్చుకొని దూరం జరగాల్సి వచ్చింది. అజాక్స్, ఆర్గొనాట్ అనే బ్రిటిష్ క్రూయిజర్లు స్థావరాన్ని లక్ష్యంగా చేసుకున్నాయి. నాలుగింటిలో మూడు ఫిరంగులు పనికిరాకుండా పోయాయి. మిగిలిన ఒక్కటి ఆగి ఆగి సాయంత్రం దాకా కాలుస్తూనే ఉంది.

రోజంతా కలిపి లోంగ్ కాల్చినవి 170 గుండ్లు. 45 కిలోల చొప్పున లెక్క కడితే ఏడున్నర టన్నుల పైచిలుకు. ఒక్క ఓడనూ ముంచలేకపోయింది. మర్నాడు, జూన్ 7న, బ్రిటిష్ 231వ బ్రిగేడ్ వచ్చేసరికి స్థావరం లొంగిపోయింది. సిబ్బంది 184 మంది, వాళ్లలో సగం మంది నలభై దాటినవాళ్లు.

ఈ ఓటమికి కాంక్రీట్ నాణ్యతనో సిబ్బంది వయసునో కారణంగా చూపించే కథనాలు చదివాను. నాకు అది సరిగా అనిపించదు. నిలబడాల్సిన గోడలు నిలబడ్డాయి. కేస్‌మేట్ ఎంపిక చేసుకున్నప్పుడే ఫిరంగి చూపును వేరే భవనానికి అప్పజెప్పారు, ఆ అప్పగింతకు రక్షణ ఇవ్వలేదు. తలకు 2 మీటర్ల కాంక్రీట్, తీగకు కాస్త మట్టి. మొత్తం వ్యవస్థలో అతి బలహీనమైన చోటుకే అతి తక్కువ ఖర్చు పెట్టారు. నిర్మాణ రంగంలో ఉన్నవాళ్లు దీన్ని వెంటనే గుర్తుపడతారు.

ఒక కేస్‌మేట్ మాత్రం ముక్కలైంది. అది శత్రువు దెబ్బ కాదు. లోంగ్ పట్టుబడ్డాక మిత్రరాజ్యాల సైన్యం పక్కనే బి-11 అనే తాత్కాలిక విమానాశ్రయం వేసింది. విమాన నిరోధక తుపాకుల మందుగుండును ఆ కేస్‌మేట్‌లో దాచారు. అది ప్రమాదవశాత్తు పేలి బ్రిటిష్ సైనికులు కొందరు చనిపోయారు. లోపలి నుంచి వచ్చిన పేలుడుకు కప్పు లేచిపోయింది, ఫిరంగి విరిగింది.

పరిరక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి

సముద్రం పక్కన రీన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్‌కు శత్రువులు ఇద్దరు. ఒకటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్. కొత్త కాంక్రీట్‌కు క్షార గుణం ఎక్కువ, దాని పీహెచ్ 12 పైన ఉంటుంది. ఆ క్షారంలో కడ్డీ మీద సన్నని రక్షణ పొర ఏర్పడి తుప్పు రాకుండా ఆపుతుంది. ఏళ్ల తరబడి కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకి క్షారాన్ని తగ్గిస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి పడిపోయాక ఆ పొర పోతుంది. రెండో శత్రువు ఉప్పు. సముద్రపు తుంపరలోని క్లోరైడ్లు కాంక్రీట్ క్షారం బాగున్నా సరే, కడ్డీ మీది పొరను అక్కడక్కడ చిల్లులు చేస్తాయి. తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి తోస్తుంది. కవర్ (కడ్డీని కప్పిన కాంక్రీట్ పొర) పగులుతుంది, పెచ్చు ఊడుతుంది, కడ్డీ బయటపడుతుంది, అక్కడి నుంచి వేగం పెరుగుతుంది.

బంకర్ల విషయంలో ఒక ఊరట ఉంది. 2 మీటర్ల మందంలో బయటి 5, 6 సెంటీమీటర్లు దెబ్బతిన్నా కట్టడం కూలదు. ఇంట్లో స్లాబ్‌కు అదే జరిగితే టెన్షన్ పడాలి, ఇక్కడ తొందర అక్కర్లేదు. ఈ తేడా గుర్తించకపోవడం వల్లే మామూలు భవనాల రిపేరు పద్ధతులను బంకర్లకు అంటగడతారు. గట్టి సిమెంట్ మోర్టార్‌తో గోడంతా ప్లాస్టర్ చేస్తారు. లోపల ఉప్పు అలాగే ఉంటుంది, కొన్నేళ్లకు ప్లాస్టర్ పాత కాంక్రీట్‌ను కూడా పట్టుకొని ఊడిపోతుంది. నీళ్లు పట్టని పూత గోడంతటికీ వేయడం కూడా నాకు ఇష్టం లేదు. నేల నుంచి ఎక్కే చెమ్మ బయటికి పోయే దారి మూసేస్తే లోపలే నిలిచి కడ్డీని తింటుంది.

నా పద్ధతి ఇది. మొదట కప్పు మీద నీళ్లు నిలిచే చోట్లు వెతకాలి. మట్టి కప్పిన పక్కల నుంచి నీళ్లు బయటికి పోయే ఏర్పాటు చూడాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. తర్వాత కవర్ మీటర్‌తో కడ్డీల లోతు కొలవాలి. కొత్తగా ఊడిన పెచ్చు ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లితే క్షారం మిగిలిన భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, రంగు రాని లోతు చూస్తే ఎంతవరకు పోయిందో తెలుస్తుంది. క్లోరైడ్ కోసం పొడి నమూనాలు తీయాలి, కానీ అచ్చులు బాగున్న ముఖం మీద కాకుండా కనిపించని మూలల్లో. ఆ తర్వాతే రిపేరు. మనుషుల తల మీద పడే ప్రమాదం ఉన్న చోట్ల మాత్రమే ఊడబోయే పెచ్చు తీసి, కడ్డీ శుభ్రం చేసి, పాత కాంక్రీట్ రంగూ బలమూ కంకర సైజూ చూసుకొని అతుకు వేయాలి. గుండు తగిలిన గుంతలను పూడ్చకూడదు. అవి దెబ్బలే, లోపాలు కావు. ఏ దిక్కు నుంచి ఏ కోణంలో తగిలిందో వాటిలో రాసి ఉంటుంది.

ఫిరంగుల విషయంలో ఇసుకతో బ్లాస్టింగ్ చేసి కొత్త పెయింట్ వేయాలన్న తపన ఆపాలి. తుప్పు పొరల్లో ఇరుక్కున్న ఉప్పును ముందు బయటికి తీయకపోతే కొత్త పెయింట్ కింద తుప్పు కొనసాగుతుంది. నెమ్మదిగా కడగడం, ఆరబెట్టడం, ఉప్పు మిగిలిందో లేదో పరీక్షించడం, తర్వాతే పూత. చేతితో తాకే సందర్శకుల వల్ల పూత అరిగే చోట్లను ఏటా చూడాలి.

పేలిపోయిన కేస్‌మేట్‌ను తిరిగి కట్టాలని గానీ, శిథిలాలు ఎత్తేసి శుభ్రం చేయాలని గానీ నేను సలహా ఇవ్వను. మిగతా మూడు కేస్‌మేట్లూ మూసిన పెట్టెలు. వాటి గోడల లోపల ఏముందో బయట నుంచి ఎవరికీ కనిపించదు. ఇది మాత్రం తెరిచిన అడ్డకోత. మందం ఎంత, కడ్డీలు ఎలా అల్లారు, కంకర ఎలాంటిది, ఇవన్నీ ఏ డ్రాయింగ్ అవసరం లేకుండా చూపిస్తుంది. పైగా అక్కడ మనుషులు చనిపోయారు. వదులుగా వేలాడే ముక్కలను కట్టి ఉంచడం, దగ్గరికి పోకుండా హద్దు పెట్టడం, బయటపడ్డ కడ్డీలను క్రమం తప్పకుండా కొలిచి రికార్డు చేయడం సరిపోతుంది.

పొలం కూడా కట్టడమే

రక్షణ జాబితాలో భవనాల పేర్లు రాయడం సులువు. కేస్‌మేట్లకూ కమాండ్ పోస్ట్‌కూ మధ్య ఉన్న పొలం, బాట, బాంబు గుంతలు, మట్టిలో ఉన్న తెగిన కేబుళ్లు ఎవరి బాధ్యత? నా దృష్టిలో ఈ కేస్‌లో అత్యంత విలువైన పత్రం ఆ నేల. వ్యవస్థ విఫలమైంది ఆ నేలలోనే కాబట్టి.

కాబట్టి పార్కింగ్ విస్తరణ, కొత్త దారి, నీటి పైపు, లైట్ల కోసం తవ్వకం, దేనికైనా ముందు ఆ నేలను తవ్వకుండా, దేన్నీ పాడుచేయకుండా చేసే నాన్-డిస్ట్రక్టివ్ సర్వే చేయాలి. మ్యాగ్నెటోమీటర్‌తో, గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో కేబుల్ దారులూ పూడిపోయిన కందకాలూ మ్యాప్ మీదికి తేవచ్చు. పేలని బాంబుల భయం ఉన్న నేల కాబట్టి ఈ సర్వే భద్రతకూ అవసరమే. మిగిలిన గుంతలను పూడ్చి చదును చేయకూడదు. కేస్‌మేట్ కిటికీ నుంచి సముద్రం వైపు, కమాండ్ పోస్ట్ నుంచి కేస్‌మేట్ల వైపు చూపు గీతలను మ్యాప్‌లో గుర్తించి, వాటికి అడ్డంగా చెట్ల వరసలూ సైన్‌బోర్డులూ రాకుండా నిబంధన పెట్టాలి. సందర్శకుడు కేస్‌మేట్‌లో నిలబడి దగ్గరి సముద్రం కనిపించట్లేదని తనంతట తాను గమనిస్తే, ఈ స్థావరం ఎలా పనిచేసిందో సగం అర్థమైనట్టే.

కొండచరియ

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న కమాండ్ పోస్ట్‌ది. ఇక్కడి కొండలో పైన గట్టి సున్నపురాయి, కింద మెత్తని మార్ల్ మట్టి. వాన నీరు సున్నపురాయి పగుళ్ల గుండా దిగి మార్ల్‌ను నానబెడుతుంది. కింద నుంచి అలలు పాదాన్ని కొరుకుతాయి. మెత్తటి పొర జారినప్పుడు పైన ఉన్న రాయి పెద్ద పెద్ద దిమ్మెలుగా విరిగిపడుతుంది. లోంగ్ తీరంలోనే అలా కూలిన రాళ్ల గుట్టలున్న చోటును స్థానికులు ‘కేయాస్’ అని పిలుస్తారు. గొప్ప చూపు కోసం అంచున కట్టిన భవనం అదే అంచు వల్ల పోయే ప్రమాదంలో ఉంది.

పాయింట్ దు హోక్‌లోనూ ఇదే సమస్య వచ్చింది. అక్కడి పరిశీలన బంకర్ కింద కొండను 2010 ప్రాంతంలో రాడ్లు దించి, ఖాళీలు నింపి పటిష్ఠం చేశారు. కొంత కాలం కొనుక్కున్నారు. లోంగ్‌లో అదే పని చేయాలా అంటే, నా జవాబు కొండ పాదంలో గోడ కట్టొద్దని. గోడ కడితే ఒక్క చోట కోత ఆగుతుంది, పక్కనున్న కొండ మీద అలల దెబ్బ పెరుగుతుంది. సహజమైన తీరాన్ని కట్టడం కోసం బలి ఇవ్వడం అవుతుంది. భవనాన్ని వెనక్కి జరపడం అసలే వద్దు. అంచు నుంచి తీసేసిన కమాండ్ పోస్ట్‌కు అర్థం ఉండదు.

చేయగలిగింది నీళ్ల దగ్గర ఉంది. పైనున్న పొలం నుంచి వాన నీరు అంచు వైపు పోకుండా మళ్లించాలి. భవనం వెనక నిలిచే నీటికి దారి చూపాలి. అంచు ఎంత వెనక్కి జరుగుతోందో డ్రోన్ ఫొటోగ్రామెట్రీతో (డ్రోన్ ఫొటోల నుంచి కొలతలు తీసే పద్ధతి) ఏటా ఒకసారి, పెద్ద తుఫాను వచ్చిన ప్రతిసారీ కొలవాలి. భవనం మీద, దాని చుట్టూ నేల మీద స్థిరమైన కొలత గుర్తులు పెట్టి, ఒరుగుదల వస్తే ముందే తెలుసుకోవాలి. ఏ కొలత దాటితే లోపలికి జనాన్ని ఆపాలో, ఏ కొలత దాటితే భవనం చుట్టూ కంచె వేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. ప్రమాదం వచ్చాక మీటింగ్ పెట్టి నిర్ణయించే విషయం కాదది.

దానితో పాటే కమాండ్ పోస్ట్ లోపలా బయటా మిల్లీమీటర్ స్థాయి లేజర్ స్కాన్ చేయాలి. అంచున ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే కొలవాల్సింది గోడలను మాత్రమే కాదు. కింది పరిశీలన చీలిక నుంచి ఎంత సముద్రం కనిపిస్తుందో, పై వేదిక నుంచి నాలుగు కేస్‌మేట్లు ఏ కోణాల్లో ఉన్నాయో ఆ స్కాన్‌లో ఉండాలి. బడ్జెట్ పరిమితంగా ఉంటే నా వరస ఇది: ముందు కమాండ్ పోస్ట్ స్కాన్, తర్వాత పొలం సర్వే, తర్వాత నీటి మళ్లింపు, ఆ తర్వాతే కేస్‌మేట్ పెచ్చులు, చివర్లో ఫిరంగుల పెయింట్.